చివ్వెంల నుంచి చూస్తే దూరవిద్య: పాఠాలు, హక్కులు, పనిముట్లు

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలో ఇంటర్ పాసైనవాళ్లు డిగ్రీకి సూర్యాపేట పోతారు. కొందరు కోదాడకు, మిర్యాలగూడకు పోతారు. నేరుగా కాలేజీలో చేరగలిగినవాళ్ల సంగతి సరే. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, హోంగార్డులు, రైస్ మిల్లు గుమస్తాలు, ఆటో నడిపేవాళ్లు, పదేళ్ల కింద చదువు ఆగిపోయి ఇప్పుడు ప్రమోషన్ కోసమో గ్రూప్స్ రాయడానికో డిగ్రీ కావాలనుకునేవాళ్లు, వీళ్లందరికీ మిగిలేది దూరవిద్యే. ఆదివారం స్టడీ సెంటర్‌లో కాంటాక్ట్ క్లాసు, మిగతా ఆరు రోజులు ఇంట్లో పుస్తకం. నాట్ల కాలంలో ఆ ఆదివారమూ ఉండదు.

ఇరవై ఏళ్లుగా వీళ్ల కోసం ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు తెచ్చిన వేదికలు తక్కువేం కావు. ఉపగ్రహ టీవీ వచ్చింది, పోర్టళ్లు వచ్చాయి, మూక్ అనే ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి, యాప్‌లు వచ్చాయి. ప్రపంచమంతా స్వేచ్ఛా విద్యా వనరుల మాట నడుస్తోంది. వీటిలో ఏది చివ్వెంల దాకా వచ్చింది, ఏది దారిలోనే ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలభై ఏళ్లుగా ప్రజల డబ్బుతో మన పండితులు రాసిన తెలుగు పాఠాలు ఉన్నాయి. వాటిని ఎవరైనా తీసుకుని, సవరించుకుని, పంచుకునే హక్కుతో, ఫోన్‌లో చదవగలిగే అక్షరాల్లో విడుదల చేయడమే మొదట జరగవలసిన పని. కొత్త పోర్టల్ ఏదైనా దాని తర్వాతే.

దేశంలో కరస్పాండెన్స్ కోర్సు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో అదే దారి పట్టాయి. అసలు మలుపు 1982 ఆగస్టు 26. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కొద్ది నెలల్లోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అలాంటి విశ్వవిద్యాలయం అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. ఉస్మానియా వీసీగా పనిచేసి వచ్చిన ఆయన, ఇక్కడి అనుభవంతోనే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) తొలి వీసీ అయ్యారు, తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు. భారతదేశపు దూరవిద్య నడక నేర్చింది తెలుగు నేల మీదేనని చెబితే అతిశయం కాదు.

ఆ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద పని పుస్తకం. పక్కన టీచర్ లేని మనిషి ఒంటరిగా చదువుకోవడానికి రాసిన పుస్తకం అది. పాఠానికి ముందు లక్ష్యాలు ఉంటాయి. మధ్యమధ్యలో ఆగి, అర్థమైందో లేదో చూసుకోమని ప్రశ్నలు ఉంటాయి. చివర వాటి జవాబులు, సారాంశం, నమూనా పరీక్ష ప్రశ్నలు ఉంటాయి. ఒకరు రాస్తే ఇంకొకరు విషయం సరిచూసి, మరొకరు భాష దిద్దితే తయారైన పాఠాలు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ, పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడిగా, ఉన్నత విద్యకు కావలసిన పారిభాషిక పదాలు కూర్చింది. ఆ పదాలకు వాక్యాల్లో ప్రాణం పోసిన ఘనతలో దూరవిద్య రచయితలకు పెద్ద వాటా ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లను అడగండి, ఏ పుస్తకాలు చదవాలని. తెలుగు అకాడమీ పుస్తకాలు, ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు అని ఒకే ఊపిరిలో చెబుతారు. దూరవిద్యలో చేరనివాళ్లు కూడా వెతికి కొనుక్కునే దూరవిద్య పుస్తకం అది. ఒక పాఠానికి ఇంతకంటే పెద్ద ప్రశంసాపత్రం ఏముంటుంది?

ఇక ప్రపంచం సంగతి క్లుప్తంగా. అమెరికాలోని ఎంఐటీ 2001లో తన కోర్సు పాఠాలన్నీ నెట్‌లో ఉచితంగా పెడతానని ప్రకటించింది. మరుసటి ఏడాది యునెస్కో సమావేశంలో ఇలాంటి వనరులకు ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అని పేరు ఖాయమైంది. 2002 చివర్లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. రచయిత తన హక్కు వదులుకోకుండానే, తన పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని ముందుగానే అనుమతి ఇచ్చే పద్ధతి ఇది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 2006లో ఓపెన్‌లెర్న్ ప్రారంభించింది. 2012 పారిస్ ప్రకటన, 2019 యునెస్కో సిఫారసు రెండింటి సారం ఒకటే: ప్రజాధనంతో తయారైన పాఠం ప్రజలందరికీ స్వేచ్ఛగా అందాలి. పాఠాన్ని దాచుకోవడం, వాడుకోవడం, సవరించడం, వేరేవాటితో కలపడం, తిరిగి పంచడం, ఈ అయిదు పనులకూ అడ్డు లేకపోతేనే అది స్వేచ్ఛా వనరు అవుతుంది.

మన దేశంలో ఏం జరిగిందో ఈ కొలతతో చూడాలి. ఇగ్నో తన పుస్తకాలన్నీ ఈ-జ్ఞానకోశ్‌లో పెట్టింది. 2005లో మొదలైన ఆ భాండాగారం లక్షల మందికి అన్నం పెట్టింది. కానీ అక్కడి పాఠాల కింద ఉన్న షరతు చదివితే, వేరేగా చెప్పనంతవరకు సర్వహక్కులూ రక్షితమని ఉంటుంది. ఇగ్నో పుస్తకం లోపలి పేజీలో, రాతపూర్వక అనుమతి లేకుండా మీమియోగ్రాఫ్‌తో గానీ మరే విధంగా గానీ నకలు తీయరాదన్న హెచ్చరిక తరతరాలుగా అచ్చవుతూ వచ్చింది. మీమియోగ్రాఫ్ యంత్రాన్ని ఇప్పటి విద్యార్థి చూసి కూడా ఉండడు. చదువుకోవడం ఉచితం, డౌన్‌లోడ్ ఉచితం, మార్చుకుని పంచుకోవడం మాత్రం నిషిద్ధం. ఇలాంటిది ఉచిత పాఠమే అవుతుంది, స్వేచ్ఛా పాఠం కాదు. ఐఐటీల వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటెల్, ఎన్‌సీఈఆర్‌టీ 2013లో తెచ్చిన వనరుల భాండాగారం ఎన్‌ఆర్‌ఓఈఆర్ మాత్రం క్రియేటివ్ కామన్స్ దారి పట్టాయి. రెండూ మంచివే. ఒకటి ఎక్కువగా ఇంజనీరింగ్, రెండోది బడి చదువు. బీఏ, బీకాం తెలుగు మీడియం చదివే మనిషికి ఈ రెండింటి మధ్యలో పెద్ద ఖాళీ.

హక్కుల గొడవ లాయర్లు చూసుకుంటారు, మనకెందుకు అనిపించవచ్చు. అది క్లాసులో ఎలా తగులుతుందో ఒక పాఠంతో చూపిస్తాను. బీకాంలో కాస్ట్ అకౌంటింగ్ ఉంటుంది. అందులో ఉమ్మడి ఉత్పత్తులు, ఉప ఉత్పత్తులు అన్న అధ్యాయం విద్యార్థిని గట్టిగా ఏడిపిస్తుంది. పుస్తకాల్లో ఉదాహరణ సాధారణంగా చమురు శుద్ధి కర్మాగారం: ముడి చమురు ఒకటే, బయటికి వచ్చేవి పెట్రోలు, డీజిలు, కిరోసిను. అయిన ఖర్చును వీటి మధ్య ఎలా పంచాలి? మిర్యాలగూడ విద్యార్థి చమురు శుద్ధి కర్మాగారం చూడలేదు. రైస్ మిల్లు మాత్రం రోజూ చూస్తాడు, చాలాసార్లు అక్కడే పనిచేస్తాడు. వడ్లు ఆడిస్తే బియ్యం వస్తాయి, నూకలు వస్తాయి, తౌడు వస్తుంది, ఊక వస్తుంది. తౌడు నూనె తీసే ఫ్యాక్టరీకి పోతుంది, ఊక బాయిలర్‌లోకి పోతుంది. ప్రభుత్వానికి కస్టమ్ మిల్లింగ్ చేస్తే క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు అప్పగించాలి. మరి వడ్ల ఖరీదు, హమాలీ, కరెంటు అన్నీ కలిపి అయిన ఖర్చులో నూకల వాటా ఎంత? తౌడు అమ్మిన డబ్బును ఆదాయం కింద రాయాలా, బియ్యం ఖర్చులోంచి తీసేయాలా? ఇవి మిల్లు గుమస్తా రోజూ రాసే పద్దులే. ఆ అధ్యాయంలో రెండు పేజీలు మార్చి ఈ ఉదాహరణ పెడితే విద్యార్థి ఒక్క సాయంత్రంలో పట్టుకుంటాడు.

మిర్యాలగూడలోనో కోదాడలోనో కామర్స్ చెప్పే లెక్చరర్‌కు ఈ ఉదాహరణ తట్టదని కాదు. క్లాసులో నోటితో చెబుతాడు, బోర్డు మీద లెక్క వేస్తాడు, అక్కడితో అయిపోతుంది. ఆ ఆదివారం రానివాళ్లకు అది అందదు. అసలు పాఠం తీసుకుని, ఉదాహరణ మార్చి, మూలం పేరు వేసి, పది పేజీలు ముద్రించి పంచడానికి అతనికి స్పష్టమైన అనుమతి లేదు. అడగాలంటే ఎవరిని అడగాలి? జవాబు ఎప్పుడొస్తుంది? అందుకని ఊరుకుంటాడు. పేరు చెబితే చాలు, మార్చినదాన్ని కూడా అదే షరతుతో పంచాలి అన్న లైసెన్సు పుస్తకం మీద ఒక్క వాక్యంగా ఉంటే, అతను ఎవరినీ అడగనక్కర లేదు. నల్లగొండలో ఒకరు మార్చింది నిజామాబాద్‌లో ఇంకొకరికి, గుంటూరులో మరొకరికి పనికొస్తుంది.

చట్టం మరీ అంత కఠినం కాదని కొందరు గుర్తుచేస్తారు, అదీ నిజమే. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా టీచరు, విద్యార్థి చేసుకునే నకళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు వేసిన దావా మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టేసింది. డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా పుస్తకాల్లోని భాగాల నకళ్లు కూర్చి కోర్స్ ప్యాకులు తయారుచేసుకోవడాన్ని సూత్రప్రాయంగా సమర్థించింది. మన జిరాక్స్ షాపులకు ఆ తీర్పు పెద్ద ఊరట. అయితే ఆ మినహాయింపు నకలుకు, క్లాసుకు సంబంధించింది. పాఠాన్ని తిరగరాసి నెట్‌లో అందరికీ పెట్టడానికి అది సరిపోదు. ఆ ధైర్యం లైసెన్సు ఒక్కటే ఇస్తుంది.

అక్షరాల సమస్య దీనికంటే తక్కువదేం కాదు, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తెలుగు డీటీపీ దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో నడిచింది. పత్రికలు, ప్రచురణకర్తలు, ప్రభుత్వ ముద్రణ అంతా అదే. కాగితం మీద చక్కగా కనిపించే ఆ పేజీని పీడీఎఫ్ చేసి నెట్‌లో పెడతారు. ఫోన్‌లో తెరిచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు మాయమై అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బారులు తీరతాయి. కంప్యూటర్‌కు అందులో తెలుగు లేదు, తెలుగు బొమ్మలాంటి ఆకారాలే ఉన్నాయి. కాబట్టి వెతుకులాటకు ఆ పాఠం దొరకదు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే పనికిరాదు. బండి నడుపుతూ పాఠం వినాలనుకునేవాడికి వినిపించదు. చిన్న తెరలో అక్షరం పెద్దది చేస్తే వరుస సర్దుకోదు, పేజీని అటూ ఇటూ జరుపుతూ చదవాలి. అయిదు అంగుళాల ఫోన్‌లో ఏ-ఫోర్ పేజీ చదివి పరీక్ష రాయమనడం ఎంత కష్టమో అలా చదివినవాళ్లకే తెలుసు.

దీనికి మందు ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు చాలా ఉన్నాయి. మూలం ఫైలు పోయి స్కాన్ కాపీ మాత్రమే మిగిలితే, పేజీ బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ఉంది. యంత్రం తెలుగును ఇప్పుడు బాగానే చదువుతోంది. పాత అచ్చులో పకు, షకు, వకు, మకు మధ్య తడబడుతుంది, ఒత్తులు మింగేస్తుంది. మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో కొద్దిమంది వాలంటీర్లు కూలీ లేకుండా పాత పుస్తకాలకు పేజీ పేజీనా చేస్తున్నది ఈ పనే. ఆ పేజీలు తెరిచి చూసినప్పుడల్లా నాకు వాళ్ల ఓపిక మీద గౌరవం పెరుగుతుంది. విశ్వవిద్యాలయాలకు సొంత ఫైళ్లు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు, తెలుగు ఎంఏ విద్యార్థులు ఉన్నారు. ప్రూఫు దిద్దడాన్ని ఆ విద్యార్థులకు ఒక ప్రాజెక్టుగా, మార్కులతో ఇస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి.

ఇక పనిముట్లు. పాఠాన్ని గాలిలో పంపే ప్రయత్నాలు ఇక్కడ పాతవే. సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు ఆకాశవాణిలో వచ్చాయి, దూరదర్శన్‌లో వచ్చాయి. 2004లో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ నడిచింది, అదే 2017లో టీ-శాట్ అయింది, నిపుణ, విద్య అని రెండు చానళ్లు. టీవీ పాఠానికి డేటా ఖర్చు లేదు, ఇంటిల్లిపాదీ చూడవచ్చు. కానీ అది చెప్పిన వేళకే వస్తుంది. అంగన్‌వాడీ టీచర్ కేంద్రంలో ఉన్న వేళకు బీఏ ఆర్థికశాస్త్రం వస్తే ఆమెకు ఉపయోగం ఏముంది? అవే పాఠాలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలయ్యాక అసలు మేలు జరిగింది. 2016 తర్వాత డేటా చౌక కావడం దానికి తోడైంది. 2020 మార్చిలో కరోనాతో తలుపులన్నీ మూసుకున్నప్పుడు ఈ నిల్వే ఆదుకుంది.

మూక్ కోర్సుల విషయంలో మాత్రం నాకు ఉత్సాహం తక్కువ. కేంద్ర ప్రభుత్వ మూక్ వేదిక స్వయం 2017 జూలై 9న మొదలైంది. దాని క్రెడిట్లను 2016 నిబంధనల్లో 20 శాతం వరకు, 2021లో 40 శాతం వరకు డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ అంది. కోర్సులు గొప్పగా ఉంటాయి, చాలావరకు ఇంగ్లీషులో. వారం వారం గడువులు, ఆఖర్న పరీక్షకు కంప్యూటర్ కేంద్రం ఉన్న పట్నానికి ప్రయాణం. చేరినవాళ్లలో చివరిదాకా నిలిచేది కొద్దిమందే, ఇది ప్రపంచమంతా మూక్‌ల అనుభవం. రెగ్యులర్ కాలేజీలో ఉండి పక్కన టీచర్ ఉన్నవాళ్లకు ఇవి అదనపు బలం. ఒంటరిగా చదివేవాళ్లకు ఇంకో ఒంటరితనం.

స్పోకెన్ ట్యుటోరియల్‌ను మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నడిపించిన ఈ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న వీడియో పాఠాలుగా నేర్పిస్తుంది. ఒక్కో వీడియో సుమారు పది నిమిషాలు. తెర మీద కనిపించేది ఇంగ్లీషు సాఫ్ట్‌వేరే, ఎందుకంటే ఉద్యోగంలో ఎదురయ్యేది అదే. వినిపించే మాట మాత్రం తెలుగు. పక్కన సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, వీడియో ఆపి, తను చేసి చూసుకుని, మళ్లీ ముందుకు పోవాలి. ముందే దింపుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది. లైసెన్సు క్రియేటివ్ కామన్స్. ముందుగా రాతప్రతి రాస్తారు, దాన్ని కొత్తవాళ్లతో పరీక్షించి ఆ తర్వాతే రికార్డు చేస్తారు, తర్వాత ఎవరి భాషలోకి వాళ్లు మాట మార్చుకుంటారు. టీచర్ దగ్గర లేకుండా చదివే మనిషిని తలుచుకుని చేసిన పని ఇది. తెలుగు దూరవిద్య వీడియోలు ఈ నమూనాలో ఎందుకు ఉండకూడదు? గంటసేపు కెమెరా ముందు నిలబడి చెప్పిన ఉపన్యాసాన్ని అలాగే ఎక్కించడం కంటే, అదే పాఠాన్ని ఆరు ముక్కలుగా, ప్రతి ముక్క చివర ఒక ప్రశ్నతో పెట్టడం పెద్ద ఖర్చు కాదు. సైన్సు ప్రాక్టికల్స్‌కు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామిగా ఉన్న వర్చువల్ ల్యాబ్స్, తెలుగులోనూ దొరికే కొలరాడో విశ్వవిద్యాలయపు ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. ల్యాబ్‌కు బదులుగా కాకుండా, ల్యాబ్‌కు పోయే ముందు చేయి అలవాటు కావడానికి ఇవి బాగా పనికొస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్న పనిముట్టు మాత్రం వాట్సాప్ గ్రూపు. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, హాల్ టికెట్, గత ఏడాది ప్రశ్నపత్రం, ఎవరో ఫొటో తీసి పెట్టిన నోట్సు అన్నీ అక్కడే. దీన్ని ఏ విశ్వవిద్యాలయమూ తయారుచేయలేదు, విద్యార్థులే చేసుకున్నారు. మూడిల్ లాంటి వేదికలు మంచివే. 2002 నుంచి ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొననక్కర లేదు. కానీ పాస్‌వర్డు మర్చిపోతే తిరిగి లోపలికి పోవడమే ఒక పని. ఇంట్లో ఒకటే ఫోన్ ఉండి, అది పగలంతా భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉండే ఆమెకు రాత్రి తొమ్మిది తర్వాత దొరికే అరగంటలో పాఠం తెరుచుకోవాలి. ఆ అరగంటకు తగ్గట్టు ఫైలు చిన్నదిగా ఉండాలి, లాగిన్ అడగకూడదు, ఒకసారి దింపుకుంటే ఉండిపోవాలి. ఏ పనిముట్టు ఎంచుకున్నా నేను చూసే పరీక్ష ఇదే.

ఒక భయం కూడా చెప్పుకోవాలి. డిజిటల్ పేరుతో అచ్చు పుస్తకం ఎగిరిపోతుందేమోనన్న భయం. పీడీఎఫ్ పెట్టాం కదా, పుస్తకం ఆలస్యమైతే ఏమైంది అన్న ధోరణి దేశమంతా దూరవిద్యలో పెరుగుతోంది. విద్యార్థి కట్టిన ఫీజులో పుస్తకం ఉంది. పీడీఎఫ్ ఇచ్చి పుస్తకం ఎగ్గొడితే ముద్రణ ఖర్చు విద్యార్థి నెత్తిన పడుతుంది, అదీ జిరాక్స్ షాపు రేటుకు. స్వేచ్ఛా లైసెన్సు కోరే నాలాంటివాళ్లు ఈ మాట గట్టిగా చెప్పకపోతే, మా వాదననే సాకుగా చూపించి పుస్తకాలు ఆపేస్తారు.

టీచర్ల సంగతి. సంజయ మిశ్ర, అల్కా సింగ్ భారతీయ విశ్వవిద్యాలయ అధ్యాపకుల మీద చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, స్వేచ్ఛా వనరుల మీద వాళ్లకు సదభిప్రాయమే ఉంది, కానీ లైసెన్సుల గురించి తెలిసింది తక్కువ, సంస్థల నుంచి దన్ను తక్కువ. మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. 2018 యూజీసీ నిబంధనల్లో మూక్‌కు, ఈ-కంటెంట్‌కు, అనువాదానికి పదోన్నతి పాయింట్లు ఉన్నాయి. ఉన్న పాఠాన్ని స్థానికంగా మలిచిన శ్రమకు విడిగా లేవు. పైగా ఆ పాయింట్లు పర్మినెంట్ ఉద్యోగులకు. స్టడీ సెంటర్‌లో ఆదివారం వచ్చి చెప్పేవాళ్లలో చాలామంది గంటల లెక్కన జీతం తీసుకునే కౌన్సిలర్లు. రైస్ మిల్లు ఉదాహరణ రాసే మనిషి అలాంటి కౌన్సిలరే అయినప్పుడు, ఆ రెండు పేజీలకు చిన్న పారితోషికం, పేజీ కింద అతని పేరు ఇవ్వాలి. ఇది దయ కాదు, రచయిత హక్కు.

యంత్రానువాదం వచ్చేసింది, ఇంగ్లీషు వనరులన్నీ క్షణంలో తెలుగవుతాయి, పాత పుస్తకాల గొడవెందుకు అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఏఐసీటీఈ అనువాదిని, 2022లో వచ్చిన భాషిణి ఉపయోగకరమైన పరికరాలే. 2024లో యూజీసీ ప్రకటించిన అస్మిత పథకం అయిదేళ్లలో భారతీయ భాషల్లో 22 వేల పుస్తకాలు తెస్తానంది. సంతోషమే. కానీ యంత్రం నేర్చుకునేది ఉన్న తెలుగు నుంచే. ఉన్నత విద్య తెలుగు, అది కూడా బాగా దిద్దిన తెలుగు, పెద్ద మొత్తంలో ఎక్కడుంది? సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాల్లో ఉంది, తెలుగు అకాడమీ పుస్తకాల్లో, పదకోశాల్లో ఉంది. అవి యూనికోడ్‌లో లేకపోతే, వాడుకునే హక్కు లేకపోతే, యంత్రం తనకు తోచిన పదం వేస్తుంది. ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా వచ్చే పదాలతో విద్యార్థి పరీక్ష ఎలా రాస్తాడు? పదకోశాలను ముందు విడుదల చేస్తే ఆ పరికరాలకే మేలు. డిగ్రీ కాలేజీల్లో తెలుగు మీడియం తగ్గిపోతున్న కాలమిది. ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి డిగ్రీని పూర్తిగా ఇంగ్లీషు మీడియం చేసింది. తెలుగులో ఉన్నత విద్యకు మిగిలిన పెద్ద ఇల్లు దూరవిద్యే కాబట్టి ఈ బాధ్యత దాని మీద ఇంకా ఎక్కువ.

ఇది మనమే మొదట చేయవలసిన సాహసం కూడా కాదు. 2015లో పుట్టిన ఒడిశా రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠ్యసామగ్రిని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇస్తోంది. బెంగాల్‌లో నేతాజీ సుభాష్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇందుకు ఒక విధానమే రాసుకుంది. గోవా విశ్వవిద్యాలయం కొంకణీ విశ్వకోశాన్ని 2013లో ఇలాగే విడుదల చేసింది, మైసూరు విశ్వవిద్యాలయం 2014లో కన్నడ విశ్వకోశం సంపుటాలకు అదే దారి చూపింది. అమ్మకాలు పడిపోతాయేమో అన్న సందేహం అధికారులకు ఉంటుంది. స్వేచ్ఛా లైసెన్సు పుస్తకం ముద్రించి అమ్ముకోవడాన్ని ఆపదు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు పంచిపెట్టాక కూడా విద్యార్థులు ఫీజు కట్టి చేరుతూనే ఉన్నారు, ఎందుకంటే వాళ్లు కట్టేది టీచర్ సాయానికి, పరీక్షకు, పట్టాకు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇక కష్టమైన ప్రశ్న కాదు. ఎక్కువమంది చేరే బీఏ, బీకాం మొదటి సంవత్సరం పేపర్లు తీసుకోవాలి. చరిత్ర, రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలన, అకౌంటింగ్. రచయితల ఒప్పందాలు చూసుకుని, బతికున్నవాళ్లను అడిగి, లేనివాళ్ల వారసులకు చెప్పి, కార్యనిర్వాహక మండలి లైసెన్సు మీద తీర్మానం చేయాలి. ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో పాఠాన్ని విడిగా, లాగిన్ లేకుండా, వాట్సాప్‌లో పట్టేంత చిన్నదిగా పెట్టాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్నాల్లో ప్రతి సబ్జెక్టుకూ ఇద్దరు కౌన్సిలర్లను ఎంచుకుని, తమ ప్రాంతపు ఉదాహరణలు రాయమని డబ్బిచ్చి అడగాలి. వచ్చినవాటిలో మంచివి తర్వాతి ముద్రణలో, రాసినవాళ్ల పేర్లతో, అచ్చు పుస్తకంలో చేరాలి.